ఇంట్లోకి వరద నీరు వచ్చి వెళ్లాక: అపోహలు, వాస్తవాలు

2024 ఆగస్టు నెలాఖరులో కురిసిన వర్షాలకు బుడమేరు గట్లకు గండ్లు పడి, విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట ప్రాంతాల్లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు పొంగి ఒడ్డునున్న కాలనీలను ముంచెత్తింది. భవనాల మరమ్మతు పనులు చేయించే ఇంజనీరుగా, ఆ తరువాత నేను చూసిన నష్టంలో చాలా భాగం నీళ్లు తగ్గాక ఇంటివారు కంగారులో చేసిన పనుల వల్ల పెరిగినదే. వారిని తప్పుపట్టలేము. ఉన్నదంతా తడిసి ముద్దయిన ఇంట్లో చేతులు కట్టుకుని కూర్చోవడం ఎవరి తరమూ కాదు. అయితే ఏ పని ముందు చేయాలో, దేనికి ఆగాలో తెలిస్తే ఇల్లూ మిగులుతుంది, డబ్బూ మిగులుతుంది.

అపోహ: మెయిన్ కట్టేశాం కాబట్టి కరెంటు భయం లేదు.

మెయిన్ స్విచ్ కట్టేస్తే వీధి నుంచి వచ్చే సరఫరా మాత్రమే ఆగుతుంది. ఇన్వర్టర్ తన బ్యాటరీ నుంచి లైట్లకు, ఫ్యాన్లకు కరెంటు పంపుతూనే ఉంటుంది. డాబా మీద సోలార్ పలకలు ఉంటే ఎండ ఉన్నంతసేపూ వాటి తీగల్లో విద్యుత్తు ఉంటుంది. మెయిన్ దగ్గరకు వెళ్లడానికి నీళ్లలో నిలబడవలసి వస్తే దాని జోలికి పోకుండా, విద్యుత్ సంస్థ సహాయ నంబరు 1912కు ఫోన్ చేసి బయటే సరఫరా ఆపించాలి.

నేల ఆరిన తరువాత కూడా గోడల్లో పూడ్చిన పైపుల్లోనూ, స్విచ్ బోర్డు డబ్బాల్లోనూ బురద నీరు చాలా రోజులు నిలిచి ఉంటుంది. అందువల్ల మునిగిన స్విచ్చులను, సాకెట్లను, ఎంసీబీలను (లోపం వస్తే తమంతట తామే సరఫరా ఆపే స్విచ్చులను) తుడిచి వాడకూడదు, మార్చేయాలి. తీగలను ఎలక్ట్రీషియన్ 500 వోల్టుల మెగ్గర్‌తో (తీగల పైతొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతోందో కొలిచే మీటరుతో) పరీక్షించి, ఇన్సులేషన్ నిరోధం కనీసం 1 మెగా ఓమ్ ఉందని మీకు చూపించిన తరువాతే సరఫరా ఇప్పించుకోవాలి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వంటివి రెండు రోజులు ఎండలో పెట్టి, పని చేస్తుందేమో చూద్దామని ప్లగ్ పెట్టడం వల్ల బాగుచేయడానికి వీలున్న మోటారు కూడా కాలిపోతుంది. మెకానిక్ విప్పి, శుభ్రం చేసి, ఆరబెట్టే వరకు వాటిని ముట్టుకోకపోవడం మంచిది.

అపోహ: బ్లీచింగ్ పౌడర్ చల్లితే ఇల్లు శుద్ధి అయినట్టే.

బురద మీద చల్లిన బ్లీచింగ్ పౌడర్ బురదతోనే చర్య జరిపి అక్కడే ఖర్చయిపోతుంది. ముందు బురదను పారతో తీసి, నీళ్లు కొట్టి, సబ్బు నీటితో రుద్ది కడగాలి. బురద ఎండి గట్టిపడితే టైల్స్ సందుల్లో నుంచి వదిలించడం చాలా కష్టం కనుక ఈ ఒక్క పనిలో మాత్రం తొందర అవసరం. ఆ తరువాత లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, పైకి తేరిన నీటితో నేలను, గోడల కింది భాగాన్ని తడపాలి. బాత్రూములు కడిగే యాసిడ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ దీనితో కలపకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపులు మూసిన చిన్న గదిలో అది ప్రాణాంతకం.

అపోహ: గోడ ఆరింది కదా, పండగలోపు రంగు వేయించుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే మాట ఇదే, ఎక్కువ డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే. ఇటుక గోడ నీటిని పీల్చుకుని, వరద గీత (నీరు నిలిచిన మట్టం దగ్గర గోడ మీద మిగిలిన మరక) కంటే పైకి కూడా చెమ్మను లాగుతుంది. చేత్తో తాకితే పొడిగా అనిపించేది పైపొర మాత్రమే. గోడ ఆరడానికి మందంలో ప్రతి అంగుళానికి సుమారు నెల పడుతుందన్నది నిర్మాణ రంగంలో పాత అంచనా. మన ఎండలకు కొంత త్వరగానే ఆరవచ్చు, అయినా తొమ్మిది అంగుళాల గోడ వారాల్లో ఆరదు, నెలలు పడుతుంది. ఈలోగా లప్పం పెట్టి, డ్యాంప్‌ప్రూఫ్ పెయింటు వేస్తే లోపలి తడికి బయటకు వచ్చే దారి మూసుకుపోతుంది. ఆ తడి తనతో తెచ్చిన ఉప్పు రంగు వెనుక చేరి పొక్కులు లేపుతుంది, నాలుగు నెలలు తిరగకుండానే పెచ్చులు రాలతాయి. ఖరీదైన పెయింటు వేసినంత మాత్రాన ఈ ఫలితం మారదు.

చేయవలసినది దీనికి విరుద్ధం. వరద గీతకు పైన మరో అడుగు, రెండడుగుల వరకు పాత రంగును, లప్పాన్ని గీకేసి గోడకు గాలి తగలనివ్వాలి. సుత్తి వెనుక భాగంతో మెల్లగా తడితే డొల్ల శబ్దం వచ్చే చోట ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసినట్టే, దాన్ని అక్కడి వరకు కొట్టించాలి. తెల్లగా పేరుకున్న ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేయాలి, కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఎదురెదురు కిటికీలు తెరిచి ఫ్యాన్లు తిప్పాలి. ఎయిర్ కూలర్ గాలిలో తేమ పెంచుతుంది కనుక దాన్ని వాడకూడదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి ఆరబెట్టడం ప్రాణాలతో చెలగాటం. రంగు వేయించే ముందు అడుగున్నర చదరపు పారదర్శక పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి, ఒక రోజు ఆగి చూడాలి. దాని లోపలి వైపు నీటి బిందువులు కనిపించినా, గోడ రంగు ముదిరినా ఇంకా సమయం కాలేదని అర్థం.

తలుపుల విషయమూ ఇంతే. ఉబ్బి పట్టేసిన టేకు తలుపుకు వెంటనే చిత్రిక పట్టిస్తే, ఆరి ముడుచుకున్నాక వేలు దూరేంత సందు మిగులుతుంది. నీడలో నెమ్మదిగా ఆరనిచ్చి, అప్పటికీ పట్టేస్తేనే వడ్రంగిని పిలవాలి. నీరు తాగి పొరలు విడిపోయిన ప్లైవుడ్ అలమరాలు మాత్రం తిరిగి బాగుపడవు.

అపోహ: సంపు, సెప్టిక్ ట్యాంకు, సెల్లార్ వెంటనే పూర్తిగా తోడేయాలి.

ఇది వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ ప్రమాదకరమైన సలహా. వరద తరువాత చుట్టూ నేల నీటితో నిండి ఉండి, భూమిలో ఉన్న ట్యాంకు గోడలనూ అడుగునూ బయటి నుంచి నెడుతూ ఉంటుంది. లోపల ఉన్న నీరే ఆ ఒత్తిడికి ఎదురుగా నిలుస్తుంది. దాన్ని ఒక్కసారిగా తోడేస్తే ఖాళీ ట్యాంకు పడవ మాదిరిగా పైకి లేవవచ్చు, గోడలు పగలవచ్చు, సెల్లార్ అడుగు ఉబ్బి చీలవచ్చు. చుట్టుపక్కల నీరు తగ్గిన తరువాత రెండు మూడు అడుగులు మాత్రమే తోడి, గోడ మీద మట్టాన్ని గుర్తు పెట్టి, ఒక రాత్రి ఆగాలి. మట్టం మళ్లీ పెరిగితే మరికొన్నాళ్లు వేచి ఉండాలి, పెరగకపోతే మరో రెండు మూడు అడుగులు తోడవచ్చు. అంతవరకు సంపు మోటారు వేసి కలుషిత నీటిని పై ట్యాంకులోకి ఎక్కించకూడదు. సంపును కడిగాక నింపి, 1000 లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ చొప్పున కలిపి, ఒక రోజు ఉంచి ఆ నీటిని పారబోసిన తరువాత మంచినీరు నింపుకోవాలి.

అపోహ: ఇంటి బీమా అగ్నిప్రమాదాలకే వర్తిస్తుంది.

2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ వరదకు, తుపానుకు మాత్రమే కాక, ట్యాంకులు, పైపులు పగిలి నీరు పొంగడం వల్ల కలిగే నష్టానికి కూడా వర్తిస్తుంది. ఇల్లు కడగకముందే ప్రతి గదినీ, వరద గీతనూ, తడిసిన వస్తువుల మీది మోడల్ నంబర్లనూ ఫోటోలు తీసి, కంపెనీకి వెంటనే తెలియజేయాలి. పాడైన వస్తువులను, నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయరు చూసేదాకా పారేయకూడదు.

అపోహ: వరద పోయాక వచ్చిన పగుళ్లకు సిమెంటు పూస్తే చాలు.

కృష్ణా డెల్టాలో ఇళ్లు చాలావరకు నల్లరేగడి నేల మీద ఉన్నాయి. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అందుకే నీళ్లు పోయిన వారాలకు, నెలలకు పగుళ్లు కనిపించడం మొదలవుతుంది. పగులు రెండు చివరలా పెన్సిల్‌తో అడ్డంగా గీత గీసి, పక్కన తేదీ వేసి, నెలకొకసారి వెడల్పు కొలిచి రాసుకోవాలి. రెండు మూడు నెలలు ఎదుగుదల లేకపోతే పూడ్చుకోవచ్చు. పగులు పెరుగుతున్నా, మెట్లు మెట్లుగా ఏటవాలుగా సాగుతున్నా, పిల్లర్ మీదో బీము మీదో కనిపించినా, మేస్త్రికి అప్పగించకుండా ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాలి.