అన్నయ్యా, నీళ్ళు పేలిపోయాయి

మత్తికెరెలో టీ తాగుతుంటే మా బాబాయి కొడుకు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "అన్నయ్యా, రాత్రి పెట్టిన నీళ్ళు పేలిపోయాయి" అన్నాడు. పక్కనున్నాయన కంగారుగా మావైపు చూశాడు. వీడు బెంగళూరులోనే ఒక ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నాడు. నీళ్ళంటే కంప్యూటర్లో నడిపే నీటి అణువులు.

ప్రతి పరమాణువు మీదా పక్కవాటి బలం ఎంతో కట్టి, న్యూటన్ సూత్రంతో దాన్ని కాస్త ముందుకు జరిపి, మళ్ళీ బలం కట్టడం. పనంతా ఇంతే. ఆ 'కాస్త' దగ్గరే వస్తుంది తంటా. నీటిలో ఆక్సిజన్, హైడ్రోజన్ల మధ్య బంధం సుమారు 10 ఫెమ్టోసెకన్లకోసారి సాగి ముడుచుకుంటుంది. ఒక్క సెకనులో పది కోట్ల కోట్ల ఫెమ్టోసెకన్లు. ఆ ఊపు లెక్కకు చిక్కాలంటే అడుగు (అంటే ఒక్కో లెక్కకు ముందుకు జరిపే కాలం) 1 ఫెమ్టోసెకను దాటకపోవడం మంచిది. బంధాల పొడవు మారకుండా బిగించేస్తే 2 దాకా లాగొచ్చు. అప్పుడు కూడా ఒక్క మైక్రోసెకను చూడ్డానికి 50 కోట్ల అడుగులు! మావాడు బిగించకుండానే 4 పెట్టాడు. సాగిన బంధం వెనక్కి వచ్చేలోపు లెక్క దాన్ని అవతలికి ఇంకా దూరం విసిరేసింది. అక్కణ్ణుంచి మరింత దూరం.

పేలడం నయం, కంటికి కనబడుతుంది. నాకు భయమల్లా చడీచప్పుడు లేకుండా పెరిగే తప్పంటేనే. ఎక్సెల్‌లో మీరే చూడొచ్చు. స్ప్రింగుకు కట్టిన గుండు, బరువు 1, స్ప్రింగు బిగువు 1, అడుగు 0.1. పాత స్థానంతో కొత్త వేగం, పాత వేగంతో కొత్త స్థానం కట్టండి. ఇది ఆయిలర్ పద్ధతి. అడుగుకి సరిగ్గా 1 శాతం శక్తి పెరుగుతుంది. చక్రవడ్డీ కదా, 100 అడుగులకు 2.7 రెట్లయి కూర్చుంటుంది.

ఇప్పుడు ఒక్క గడి మార్చండి. స్థానం కట్టేటప్పుడు ఇప్పుడే వచ్చిన కొత్త వేగం వాడండి. లక్ష అడుగులు నడిపినా శక్తి 5 శాతం అటూ ఇటూ ఊగుతుందంతే. కచ్చితత్వంలో రెండూ ఒకే తరగతివి. మొదటిదాని తప్పు ఒకే దిక్కున పోగవుతుంది, రెండోదాని తప్పు వెళ్ళి తిరిగొస్తుంది. అందుకే ఎవరైనా ఎన్ని దశాంశాలకు సరిపోయిందో చెబితే, తప్పు ఎటు పోతోందని అడుగుతాను.

ఈ రెండో పద్ధతిని స్థానాలతోనే రాస్తే ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త లూ వెర్లే సూత్రమవుతుంది. ఆయన 1967లో 864 ఆర్గాన్ పరమాణువులను దీంతో నడిపాడు. అంతకు మూడేళ్ళ ముందే, 1964లో, అన్నే పరమాణువులతో ద్రవ ఆర్గాన్‌ను కంప్యూటర్లో కదిలించినాయన అనీసుర్ రహమాన్. పనిచేసిన ల్యాబు పేరు కూడా షికాగో దగ్గరి ఆర్గాన్ ల్యాబే (వాయువుకీ దానికీ చుట్టరికం లేదు). పుట్టింది 1927లో, మన హైదరాబాదులో. కంప్యూటేషనల్ ఫిజిక్స్‌కు అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఇచ్చే బహుమతి ఆయన పేరు మీదే ఉంది. హైదరాబాదులో ఆ పేరు ఎందరికి తెలుసో మరి.

"1 పెడితే నాలుగు రెట్లు టైమ్ పడుతుంది అన్నయ్యా" అన్నాడు మావాడు.

"బంధాలు బిగించెయ్యరాదూ, సగం తగ్గుతుంది."

"బిగిస్తే ఎలా? అవి ఊగడమే నా థీసిస్" అని గ్లాసు కింద పెట్టి లేచాడు.