వాన రాకముందే గొర్రు

అనంతపురం

చిన్నోడికి, పాపకు తాత ఆశీస్సులు.

దసరాకు వచ్చి మూడు రోజులుంటిరి. అందులో రెండు రోజులు ఆండ్రాయిడ్ యాప్ రాసేదానికి ఆ కొత్త ల్యాప్‌టాప్‌లను సిద్ధం చేసుకోడానికే సరిపోయినాయి. యాప్ మాత్రం ఒక్క వరసా రాయలేదు. అవ్వ ఉగ్గాని, బజ్జీ పెట్టి పిలిస్తే "ఒక్క నిమిషం" అంటిరి. ఆ నిమిషం అయ్యేలోపు బజ్జీలు మెత్తబడిపోయినాయి.

చిన్నోడి దాంట్లో జావా 11, పాప దాంట్లో 17. ఒకే ప్రాజెక్టు ఒకచోట నడిచింది, ఇంకోచోట మొండికేసింది. యాప్‌ను కట్టే గ్రేడిల్‌కు తగిలించే ఆండ్రాయిడ్ ప్లగిన్ 8.0 నుంచి జేడీకే (జావా సామాను) 17 ఉండాల్సిందేనని తెలిసేసరికి మధ్యాహ్నం దాటింది. తెలిసినాకైనా ఎక్కడన్నా రాసిపెట్టుకున్నారా? ఇంకో మెషిన్ కొన్న రోజు మళ్లీ ఇదే పాట.

మా నాయన శనక్కాయ విత్తనానికి గొర్రును వాన రాకముందే దించి, అరిగిన పళ్లు వడ్లాయన చేత మార్పించి పెట్టేవాడు. మన నేలలో పదును నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. మీ సెలవులూ అంతే గదా.

అందుకని, చేసిన పనులన్నీ వరసగా కమాండ్లుగా ఒక ఫైలులో రాయండి. మీ ఇద్దరిదీ ఉబుంటూ లినక్సే కాబట్టి బ్యాష్ స్క్రిప్టు, అంటే కమాండ్లను వరసగా నడిపే ఫైలు, చాలు. మొదట జేడీకే 17 ఎక్కించాల. ఆండ్రాయిడ్ కమాండ్‌లైన్ టూల్స్ జిప్‌ను దించుకోవాల. ఆ సామానంతా ఏ ఫోల్డర్లో ఉందో చెప్పే ఆండ్రాయిడ్ హోమ్ వేరియబుల్ పెట్టాల. మిగిలిన ప్లాట్‌ఫామ్, బిల్డ్ టూల్స్, ఫోన్‌తో మాట్లాడే ఏడీబీ వంటివి ఆ జిప్‌లోని ఎస్‌డీకే (యాప్ తయారీ సామాను) మేనేజరే తెస్తుంది. లైసెన్సులు అడిగినప్పుడల్లా వై కొట్టే పని లేకుండా, వై అంటూనే పోయే యెస్ కమాండును పైపు (|) గుర్తుతో ముందర తగిలిస్తే అదే ఒప్పుకుంటూ పోతుంది. (ఆ షరతులు ఒక్కసారన్నా చదవండి. నేను చదివినానా అని మాత్రం అడగొద్దండి.)

పాప గంటన్నర పోగొట్టుకున్నది ఎక్కడో గుర్తుందా? ఆ జిప్ విప్పితే సీఎండీలైన్-టూల్స్ అనే ఫోల్డరొస్తుంది. దాంట్లో ఉన్నదంతా అదే పేరున్న ఫోల్డరు లోపల 'లేటెస్ట్' అని ఇంకోటి చేసి అందులోకి జరపాల. లేకపోతే ఎస్‌డీకే ఎక్కడుందో తెలియడంలేదని మేనేజర్ మొరాయిస్తుంది. తప్పు పాపది కాదు, ఆ జిప్ కట్టిన తీరే అట్లుంది. ఇట్లాంటి ముళ్ల దగ్గరే స్క్రిప్టు విలువ తెలిసేది. ఆ రెండు వరసల పైన కామెంటు కూడా పెట్టండి, ఎందుకు జరుపుతున్నామని.

ఇంకోటి. స్క్రిప్టును రెండోసారి నడిపినా ఏమీ చెడకూడదు. గుడ్డిగా రాస్తే బ్యాష్‌ఆర్‌సీ (టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే ఫైలు) చివర పాత్ వరస, అంటే కమాండ్లను ఎక్కడ వెతకాలో చెప్పేది, ప్రతిసారీ చేరుతా పోతుంది. ఏడుసార్లు నడిపితే ఏడు వరసలు. ముందు ఉందో లేదో చూసి, లేకుంటేనే చేర్చమనాల. జేడీకే ఉంటే మళ్లీ దించొద్దు. ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) ఇమేజ్ ఒక్కటే ఒక జీబీ దాటుతుంది, నా ఫోన్ హాట్‌స్పాట్ మీద కొంచెం దయ ఉంచండి. గ్రేడిల్‌ను మాత్రం విడిగా ఎక్కించే పనే లేదు, ప్రాజెక్టులోని గ్రేడిల్ రాపర్ అనే చిన్న స్క్రిప్టు తనకు కావలసిన వెర్షన్ తానే తెచ్చుకుంటుంది.

స్క్రిప్టుకు అందని పనులూ ఉన్నాయి. మెషిన్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే బయాస్ సెట్టింగుల్లోకి పోయి, ఎమ్యులేటర్‌కు కావలసిన వర్చువలైజేషన్ ఆన్ చెయ్యాల్సింది మీరే. ఫోన్లో బిల్డ్ నంబరును ఏడుసార్లు నొక్కితే తప్ప డెవలపర్ ఆప్షన్లు రావు, అదీ మీ వేలే. వీటిని ఫైలు పైభాగంలో మామూలు మాటల్లో రాయండి. యాప్‌కు సంతకం చేసే తాళాలుండే కీస్టోర్ ఫైలు, దాని పాస్‌వర్డ్ మాత్రం అందులో పెట్టొద్దు. ఆ ఫైలును రేపు స్నేహితులకు పంపేది మీరే గదా.

మీ మెషిన్లలో నడిచింది కదాని అయిపోయిందనుకోవద్దు. వాటిలో ఇప్పటికే అన్నీ ఉన్నాయి, ఏది మర్చిపోయినా బయటపడదు. నా పాత ల్యాప్‌టాప్ మొత్తం తుడిచి ఉబుంటూ ఒక్కటే ఎక్కించి పెట్టినా. సంక్రాంతికి వచ్చినప్పుడు దాని మీద నడపండి. ఎంటర్ నేను కొడతా, మీరు చేతులు కట్టుకుని కూర్చోవాల. బజ్జీలు కూడా అప్పుడే వేయమని అవ్వకు చెప్పినా.

మీ తాత