ఫలితం వచ్చేసరికి పిల్లలు ఉండరు

బాలల నిర్బంధ కేంద్రానికి కొత్తగా వచ్చిన కుర్రవాడి చేతికి నర్సు ఒక చిన్న డబ్బా ఇస్తుంది. కనీసం గంటసేపు మూత్రం ఆపుకుని ఉండాలి. తొలి ధారనే పట్టాలి, అదీ 20-30 మిల్లీలీటర్లు చాలు. లైంగిక సంపర్కంతో సోకే క్లమీడియా, గనోరియా జబ్బుల సూక్ష్మజీవులు మూత్రనాళం లోపలి పొరలో ఉంటాయి. వాటిని కడిగి తెచ్చేది ఆ మొదటి చుక్కలే. ఎక్కువ పడితే నమూనా పలచబడిపోతుంది. అమ్మాయిలైతే యోని నుంచి దూదిపుల్లతో తామే నమూనా తీసుకోవచ్చు. అందులోని సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని ల్యాబ్‌లో యంత్రం అనేక రెట్లు పెంచి పట్టుకుంటుంది.

ఏ బాధా లేనివారికి పరీక్ష ఎందుకంటే, క్లమీడియా సోకినవారిలో ఎక్కువ మందికి ఏ బాధా తెలియదు. అమ్మాయిల్లో అది చడీచప్పుడు లేకుండా గర్భాశయం దాటి అండవాహికల దాకా పాకుతుంది. అక్కడ మిగిలే మచ్చలు ఏళ్ల తర్వాత సంతానలేమిగా బయటపడవచ్చు. మందు మాత్రం రోజుకు రెండు డాక్సీసైక్లిన్ మాత్రలు, 7 రోజులు. ఇంత చిన్న చికిత్స అందక అంత నష్టం జరగడం నన్ను కలచివేస్తుంది.

బడి మానేసి, ఇల్లు వదిలి తిరిగిన పిల్లల్లో చాలామందిని అంతకుముందు ఏ డాక్టరూ చూసి ఉండరు. చేరగానే వైద్య పరీక్ష జరగాలని 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నియమాలు చెబుతున్నాయి. అయితే తలుపులకు తాళాలున్న చోట ‘వద్దు’ అనడం తేలిక కాదు. కాదన్నందుకు శిక్ష ఉండదని, ఫలితం కాపలాదారులకు చేరదని ముందే నమ్మకం కలిగించాలి.

అసలు చిక్కు సమయంతోనే. కొందరు ఒకటి రెండు రోజుల్లోనే విడుదలవుతారు, ల్యాబ్ ఫలితం ఆ తర్వాత వస్తుంది. క్షయకు చేసే చర్మపరీక్షదీ అదే కథ. ముంజేతిపై సూది వేసిన చోట గట్టిపడిన వాపును 48 నుంచి 72 గంటల మధ్య కొలవాలి. ఈలోగా వెళ్లిపోయిన పిల్లవాడి చేతి మీద ఆ వాపు కొలిచేవారు లేకుండానే తగ్గిపోతుంది. క్లమీడియాకు చికిత్స పొందినవారికి 3 నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయాలి, అప్పటికి వారు ఎక్కడుంటారో! ఒకటి రెండు గంటల్లో ఫలితమిచ్చే యంత్రాలు ఇప్పుడున్నాయి. వాటికి మొదట చోటు దక్కాల్సింది ఇక్కడే అని నా అభిప్రాయం.

యంత్రం లేకపోయినా, డబ్బా తీసుకునేటప్పుడే నర్సు ఒక మాట అడగవచ్చు: “బాబూ, నువ్వు తప్ప ఇంకెవరూ ఎత్తని ఫోను నంబరు ఏదైనా ఉందా?”