హార్లెం రినైసాన్స్ పిల్లలకెందుకు అనేవాళ్ళకి: అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీలో వీకెండ్ ఆర్ట్ క్లాసులు చెప్తుంటా, వచ్చేది ఎక్కువగా మన తెలుగు పిల్లలే. ఈసారి హార్లెం రినైసాన్స్ (1920ల్లో న్యూయార్క్‌లోని హార్లెం అనే నల్లజాతి పేటలో సాహిత్యం, సంగీతం, బొమ్మలు వెల్లువెత్తిన కాలం) చేద్దాం అనగానే పేరెంట్స్ నుంచి వరసపెట్టి వాట్సాప్ డౌట్లు, అందుకే ఒకేచోట రాసేస్తున్నా.

అపోహ: అది పెద్దవాళ్ళ సబ్జెక్టు, ఎనిమిదేళ్ళ పిల్లలకేం ఎక్కుతుంది?

వాస్తవం: ఆ హార్లెం వాళ్ళే పిల్లల్ని వదల్లేదండీ. నల్లజాతి హక్కుల కోసం పోరాడిన రచయిత డుబాయిస్, రచయిత్రి జెస్సీ ఫాసెట్ వాళ్ళు 1920, 21ల్లో నల్లజాతి పిల్లల కోసమే బ్రౌనీస్ బుక్ అని మాసపత్రిక నడిపారు, కాపీ 15 సెంట్లు. తర్వాత హార్లెం రినైసాన్స్‌లో పెద్ద కవి అయిన లాంగ్‌స్టన్ హ్యూస్ తొలి కవితలు కొన్ని అందులోనే వచ్చాయి, అప్పటికి ఆయన హైస్కూల్ అయిపోయి ఏడాది కూడా కాలేదు.

అపోహ: అంతా కవిత్వం, జాజ్. మావాడికి పోయెట్రీ పడదు.

వాస్తవం: నేనూ కవితతో మొదలెట్టను. చిత్రకారుడు జేకబ్ లారెన్స్ మైగ్రేషన్ సిరీస్‌లో (నల్లవాళ్ళు దక్షిణాది నుంచి ఉత్తరాదికి వలసెళ్ళిన కథ చెప్పే బొమ్మలు) మొదటి బొమ్మ పెడతా. స్టేషన్లో జనం కిక్కిరిసి ఉంటారు, షికాగో, న్యూయార్క్, సెయింట్ లూయిస్ అని మూడు గేట్లు, మూటాముల్లె పట్టుకుని అటే తోసుకెళ్తుంటారు. ఎందుకెళ్తున్నారు అని పిల్లలే అడుగుతారు, అక్కడ్నించి దక్షిణాదిలో వాళ్ళు పడ్డ బాధలు, ఉత్తరాది ఫ్యాక్టరీల్లో పని, అన్నీ వాటంతటవే వస్తాయి. నిజానికి ఆయన ఇది గీసింది 1940-41లో, రినైసాన్స్ ఊపు తగ్గాక, కానీ హార్లెంలో బడి అయ్యాక నడిచే ఆర్ట్ క్లాసుల్లో చేయి తిరిగిన పిల్లాడే ఆయన. మొత్తం 60 బొమ్మలు పక్కపక్కన పరిచి ఒక రంగు కలిపి అన్నిట్లో వేసేసి, తర్వాత ఇంకో రంగు. మేం ఆరు అట్టముక్కలతో ట్రై చేశాం, మూడో రంగుకే టేబుల్ మీద యుద్ధం.

అపోహ: హార్లెంలోనే జరిగింది.

వాస్తవం: పేరే అది. షికాగో, వాషింగ్టన్‌లలో కూడా జరిగింది.

అపోహ: వివక్ష గొడవ ఎత్తకుండా మంచి విషయాలే చెప్తే చాలు.

వాస్తవం: కుదరదు. జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ వాయించిన కాటన్ క్లబ్ (హార్లెంలోనే ఉన్న నైట్‌క్లబ్) గురించి చెప్తూ, స్టేజీ మీద నల్లవాళ్ళు, కింద కూర్చుని చూసేది తెల్లవాళ్ళు అన్నాను. ఒక పాప "వాళ్ళమ్మ వచ్చి చూడొచ్చా?" అంది. లేదమ్మా అన్నా. "అది వాళ్ళ వీధే కదా ఆంటీ" అంది. దాన్ని పక్కనపెట్టి పాట ఒక్కటే వినిపిస్తే సగం కథ దాచినట్టే.

లారెన్స్ మైగ్రేషన్ బొమ్మలు నేరుగా చూపిద్దామనుకుంటే, సరి నంబర్లవి న్యూయార్క్ మోమా మ్యూజియంవి, బేసివి వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్ మ్యూజియంవి. అన్నీ ఎప్పుడూ గోడ మీద ఉండవు, వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి.