ఉంచు, దాచు, నిలబెట్టు: స్పానిష్ క్రియలపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో తెలుగు విద్యార్థులకు స్పానిష్ చెబుతుంటాను. వ్యాకరణం బాగా వచ్చినవాళ్లు కూడా తడబడే చోటు ఒకటుంది. ఇంగ్లిష్‌లో ‘కీప్’ ఒక్కటే చాలా పనులు చేసేస్తుంది. అవే పనులకు స్పానిష్‌లో అరడజను క్రియలున్నాయి. ఏది ఎక్కడ వాడాలో తెలియక టెన్షన్ పడి, ముందు గుర్తొచ్చింది అనేస్తారు. నేను ఎక్కువగా వినే అపోహలు ఇవి. (స్పానిష్‌లో ‘వ’ రాసినా ‘బ’ లాగే పలుకుతారు కాబట్టి ఇక్కడ కూడా అలాగే రాస్తున్నాను.)

అపోహ: ‘గ్వర్దార్’ వస్తే చాలు, అన్నిటికీ సరిపోతుంది.

వాస్తవం: కంప్యూటర్‌లో ఫైల్ సేవ్ చేసే బటన్ మీద ఇదే ఉంటుంది కాబట్టి అందరికీ ముందు ఇదే అలవాటవుతుంది. నిజానికి ఇది మన ‘దాచు’కి దగ్గరి చుట్టం. బట్టలు బీరువాలో సర్దిపెట్టడం, రహస్యం బయటపెట్టకపోవడం, మనసులో కక్ష పెట్టుకోవడం, అన్నీ గ్వర్దారే. జ్వరమొచ్చి మంచం దిగకుండా ఉండటాన్ని కూడా ‘గ్వర్దార్ కామా’ అంటారు. కామా అంటే మంచం.

కానీ టాక్సీ డ్రైవర్‌తో ‘చిల్లర ఉంచుకోండి’ అనాలంటే ఇది పనికిరాదు. ‘కేదెసె కొన్ ఎల్ కాంబ్యో’ అనాలి. ‘కెదార్’ అంటే మిగలడం, ఉండిపోవడం. దానికి ‘సె’, ‘కొన్’ తోడైతే తన దగ్గరే ఉంచుకోవడం. ‘ఉంచు’కి ‘కొను’ చేరి ‘ఉంచుకో’ అయినప్పుడు మనకు తెలిసే తేడా ఉంది చూడండి, ఇక్కడ ‘సె’ ఇంచుమించు ఆ పనే చేస్తుంది. దుకాణంలో నచ్చిన చొక్కా చూపించి ‘ఇది తీసుకుంటాను’ అనడానికీ ఈ క్రియే: ‘మె కేదో కొన్ ఎస్తా’.

అపోహ: మాట నిలబెట్టుకోవడం కూడా గ్వర్దారే.

వాస్తవం: కాదు, ‘కుంప్లీర్’. ఇచ్చిన మాట నెరవేర్చడం అన్నమాట.

అపోహ: ‘కొన్సెర్బార్’, ‘మంతెనేర్’, ‘ప్రెసెర్బార్’ ఒకదాని బదులు ఒకటి వాడేయొచ్చు.

వాస్తవం: స్పెయిన్‌లో అమ్మే ఏ మందుల పెట్టెలోనైనా ఉండే కాగితం తీయండి. ‘పిల్లల కంటికి, చేతికి అందకుండా ఉంచండి’ అన్నచోట ‘మంతెనేర్’ ఉంటుంది. చాలావాటిలో ఆ కిందే, ఇన్ని డిగ్రీలు దాటని చోట నిల్వ చేయమన్నచోట ‘కొన్సెర్బార్’ ఉంటుంది. మొదటిది ఉన్న స్థితిని అలాగే కొనసాగించడం, రెండోది పాడవకుండా నిల్వ ఉంచడం. స్పెయిన్‌లోని గలీసియా తీరం నుంచి డబ్బాల్లో వచ్చే చేపలను ‘కొన్సెర్బాస్’ అనేది అందుకే. ఇంటిల్లిపాదినీ పోషించడం మాత్రం మళ్లీ మంతెనేరే. దాని రూపాలు ‘తెనేర్’ను బట్టి నడుస్తాయి. భూతకాలంలో ‘మంతూబో’ అనాలి, ‘మంతెనియో’ అనకండి.

ఇక ‘ప్రెసెర్బార్’. ఇందులో ‘ముందుగానే’ అన్న భావం ఉంది: హాని జరగకముందే కాపాడటం. అడవులకూ, పాత కట్టడాలకూ బాగా నప్పుతుంది. ఊరగాయకు నప్పదు. మాడ్రిడ్‌లో చదువుకోవడానికి వెళ్లిన నా విద్యార్థిని ఒకమ్మాయి, తను ఉంటున్న ఇంటావిడకు అమ్మమ్మ పెట్టిన ఆవకాయ రుచి చూపిస్తూ, నిల్వ ఉండటానికి ఏ మందూ కలపలేదని చెప్పబోయి ‘సిన్ ప్రెసెర్బతీబోస్’ అంది. ప్రెసెర్బతీబో అంటే కండోమ్. ఆ పిల్ల ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది. తప్పు తనది కాదు, నాది. ఈ మాట నేను ముందే చెప్పి పంపాల్సింది. స్పెయిన్‌లో ‘కొన్సెర్బాంతెస్’ అనాలి, మెక్సికోలో ‘కొన్సెర్బదోరెస్’ అంటారు, కొలంబియా, పెరూల్లో ‘ప్రెసెర్బాంతెస్’ కూడా వినిపిస్తుంది. ఇప్పుడు మొదటి నెలలోనే ఈ నాలుగు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాసి చూపిస్తున్నాను.

అపోహ: తెలుగు ఇక్కడ అడ్డొస్తుంది, ఇంగ్లిష్‌లో ఆలోచిస్తేనే స్పానిష్ త్వరగా వస్తుంది.

వాస్తవం: ఈ క్రియల విషయంలో పూర్తిగా తలకిందులు. దాచు, ఉంచుకో, నిలబెట్టుకో, పోషించు, కాపాడు అని మనం ముందే విడదీసి పెట్టుకున్నాం. అందుకే క్లాసులో వాక్యాన్ని ముందు తెలుగులో చెప్పమంటాను. ‘ఆమె మాట్లాడుతూనే ఉంది’ అన్నారనుకోండి, మాట్లాడుతూ అంటే ‘అబ్లాందో’, ఆగకుండా సాగుతూ ఉందంటే ‘సీగె’. కలిపితే ‘సీగె అబ్లాందో’.