ఏడబ్ల్యూడీ ఉంటే వింటర్ టైర్లు అక్కర్లేదా? మంచులో డ్రైవింగ్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డ్రైవింగ్ నేర్చుకుని టొరంటో, మాంట్రియల్, మినియాపొలిస్ లాంటి ఊళ్లలో మొదటి చలికాలం చూడబోయేవాళ్లు కారు కొనేముందు అడిగే మాట ఒకటే: "ఏడబ్ల్యూడీ (ఆల్ వీల్ డ్రైవ్) ఉందా?" అడగాల్సిందే, కానీ దానికంటే ముందు టైర్ల సంగతి అడగాలి.

అపోహ: ఏడబ్ల్యూడీ కారు మంచులో త్వరగా ఆగుతుంది

ఏడబ్ల్యూడీ పని ఇంజిన్ శక్తిని నాలుగు చక్రాలకూ పంచడం, అంతే. అందుకే సిగ్నల్ దగ్గర పక్క కారు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతుంటే ఇది కదిలిపోతుంది, మంచు నిండిన డ్రైవ్‌వే కూడా ఎక్కేస్తుంది. బ్రేకు తొక్కాక ఆ పంపకంతో పని లేదు. ఎంత చవక కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆగడమైనా, మలుపు తిరగడమైనా ఒక్కో టైరు రోడ్డును తాకే అరచేయంత చోటు మీదే ఆధారపడి ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. పొడి తారు రోడ్డు మీద ఘర్షణ గుణకం (టైరుకు రోడ్డు మీద దొరికే పట్టు కొలత) సుమారు 0.8. గంటకు 50 కి.మీ. వేగంలో బ్రేకు పట్టుకున్నాక కారు దాదాపు 12 మీటర్లలో ఆగుతుంది. బళ్లు తిరిగి గట్టిపడిన మంచు మీద అది 0.3 అయితే 33 మీటర్లు, 0.2 అయితే 49 మీటర్లు కావాలి. నున్నటి ఐస్ మీద 0.1కి పడిపోతే 98 మీటర్లు. ఈ లెక్కలో కారు బరువు ఎక్కడా రాదు, పవర్ ఏ చక్రాలకు వెళ్తుందన్నదీ రాదు. "మాది పెద్ద ఎస్‌యూవీ, బరువుకే పట్టు దొరుకుతుంది" అనేవాళ్లకు కూడా ఇదే జవాబు.

పైగా ఏడబ్ల్యూడీ కారు సులువుగా వేగం అందుకోవడం వల్ల రోడ్డు ఎంత జారుతోందో డ్రైవరుకు తెలియదు. తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ముందూ వెనకా ఎవరూ లేని చదును రోడ్డు మీద 20 కి.మీ. వేగంలో ఒక్కసారి గట్టిగా బ్రేకు తొక్కండి. పెడల్ పాదం కింద టకటకా కొట్టుకుంటే ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తోందని, అంటే పట్టు ఆ మాత్రమేనని అర్థం. పెడల్ కొట్టుకుంటోందని కాలు తీసేయకండి, తొక్కే ఉంచండి.

అపోహ: ఆల్ సీజన్ టైర్లు చలికాలానికీ సరిపోతాయి

చాలా ఆల్ సీజన్ టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే కిందికి వెళ్లేకొద్దీ బిగుసుకుపోతుంది. వింటర్ టైరు రబ్బరు అప్పుడు కూడా మెత్తగా ఉంటుంది. దాని ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల పొర) దిమ్మెల మీద సన్నటి గీతలు వందలకొద్దీ ఉంటాయి. వాటి అంచులు ఐస్‌ను గీరి పట్టుకుంటాయి, పెద్ద గాడులు మంచును ఇరికించుకుంటాయి. మంచు మీద మంచుకు బాగా పట్టు ఉంటుంది కాబట్టి అలా ఇరుక్కున్న మంచు కూడా పనికొచ్చేదే.

టైరు పక్కగోడ మీద "ఎం ప్లస్ ఎస్" అని ఉంటే నమ్మేయకండి. అది ట్రెడ్ ఆకృతిని బట్టి కంపెనీ తనకు తాను వేసుకునే ముద్ర. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉన్న బొమ్మ వెతకండి. అది పరీక్ష నెగ్గితేనే వస్తుంది. అయితే ఆ పరీక్షలో చూసేది గట్టిపడిన మంచు మీద ముందుకు లాగే పట్టునే, ఐస్ మీద ఎలా ఆగుతుందో కాదు. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 లాంటి ఆల్ వెదర్ టైర్లకూ ఈ బొమ్మ ఉంటుంది. వాంకూవర్‌లోనో, రోడ్లు వెంటనే శుభ్రం చేసే టొరంటో నడిబొడ్డునో ఉంటే ఏడాదంతా వాటితో సరిపెట్టుకోవచ్చు. చలి చాలా ఎక్కువుండే విన్నిపెగ్, ఎడ్మంటన్ వాళ్లకు మాత్రం అసలు వింటర్ టైర్లే ఉండాలి.

మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు ఈ బొమ్మ ఉన్న టైర్లు తప్పనిసరి, ఏడబ్ల్యూడీకి మినహాయింపు లేదు. టొరంటో ఉన్న ఒంటారియోలో తప్పనిసరి కాదు. కానీ 2016 నుంచి అక్కడ ఇన్సూరెన్స్ కంపెనీలు వింటర్ టైర్లకు తగ్గింపు ఇవ్వాల్సిందే. అడిగి తీసుకోండి.

అపోహ: డబ్బు ఆదా కోసం ముందు రెండు మారిస్తే చాలు

ఇది అన్నిటికంటే ప్రమాదకరం. ముందు పట్టు, వెనక జారుడు అయితే మలుపులో బ్రేకు పడగానే వెనక భాగం పక్కకు కొట్టుకొచ్చి కారు తిరిగిపోతుంది. నాలుగూ మార్చండి, లేకపోతే అసలు మార్చకండి. ఏడబ్ల్యూడీకి ఇంకో నష్టం కూడా ఉంది. టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే ముందు, వెనక ఇరుసులు వేర్వేరు వేగాలతో తిరుగుతూ మధ్యలో శక్తిని పంచే క్లచ్ వేడెక్కి అరిగిపోతుంది. సుబారు కార్లకు ఈ తేడా పావు అంగుళం దాటకూడదంటారు.

అపోహ: చట్టం ఒప్పుకునేంత ట్రెడ్ ఉంది కదా

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చట్టం చెప్పే కనీస గాడి లోతు 2/32 అంగుళం, అంటే 1.6 మి.మీ. మంచులో అది దాదాపు బోడి టైరు కిందే లెక్క. క్వార్టర్ (అమెరికా 25 సెంట్ల) నాణేన్ని దాని మీది వాషింగ్టన్ బొమ్మ తలకిందులుగా ఉండేలా పట్టుకుని గాడిలో దించండి. నడినెత్తి పూర్తిగా కనిపిస్తే 4/32 కూడా మిగల్లేదు. మంచుకు 5/32 దగ్గరే మార్చేయడం మంచిది.

గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందన్నది ఇసుకలో నిజం, మంచు రోడ్డు మీద కాదు. ఉష్ణోగ్రత సుమారు ఐదున్నర డిగ్రీలు పడినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి 1 పీఎస్ఐ తగ్గుతుంది. 15 డిగ్రీలున్న షాపులో 33 పెట్టించుకుని మైనస్ 20లోకి వస్తే మిగిలేది 27. డ్రైవర్ తలుపు పక్క చీటీ మీద ఉన్న అంకెను, రాత్రంతా బయట ఉన్న టైరులో పొద్దున్నే చూసి సరిచేయండి.

వింటర్ టైర్లకు విడిగా రిమ్ములు తీసుకోవడం ఖర్చు అనిపిస్తుంది కానీ ప్రతిసారీ టైరు ఊడదీసి ఎక్కించే కూలి మిగులుతుంది. టైరు అంచు కూడా దెబ్బతినదు. 235/55 ఆర్19 (19 అంగుళాల రిమ్ము) టైర్లతో వచ్చిన టొయోటా రావ్4కి 225/65 ఆర్17 (17 అంగుళాల రిమ్ము) వేస్తే టైరు చవక, గుంటల్లో రిమ్ము దెబ్బతినే భయమూ తక్కువ.

బిగించేముందు హబ్ (చక్రం కూర్చునే ఇనప భాగం) మీద తుప్పును వైర్ బ్రష్‌తో గీకేయండి. తుప్పు పొడి మధ్యలో ఉంటే కొన్నాళ్లకు అది నలిగి నట్లు వదులవుతాయి. బోల్టులకు గ్రీజు రాయకండి, రాస్తే టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) సరైన అంకె చూపినా లోపల బోల్టు అతిగా సాగుతుంది. బిగించాల్సిన బలం ఇటీవలి రావ్4కి 103 న్యూటన్ మీటర్లు, ఇటీవలి సుబారుకు 120. ఎదురెదురు నట్లు ఒకదాని తర్వాత ఒకటి బిగించి, 80 నుంచి 100 కి.మీ. తిరిగాక అదే అంకెకు మళ్లీ సరిచూడండి. షాపులో వేయించుకున్నా ఇది మానొద్దు.