చోక్ తీస్తే ఆగిపోయే బండి

చోక్ లాగి కిక్ కొడితే స్టార్టవుతుంది. నిమిషం తిరిగాక చోక్ తీస్తే గుటుక్కుమంటుంది. యాక్సిలరేటర్ తిప్పి రేజ్ చేస్తూ ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, చెయ్యి వదిలితే మళ్లీ అంతే. కొన్ని నెలలు కదలకుండా నిలబడిన సెకండ్ హ్యాండ్ బైకు కొన్నవాళ్లకు మామూలుగా ఎదురయ్యే జబ్బు ఇది. ప్లగ్గు మార్చి, కాయిల్ మార్చి, చివరికి గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్ కూడా కొత్తది వేసేవాళ్లున్నారు. అంత అవసరం లేదు. తప్పు ఎక్కడుందో ఆ లక్షణమే చెబుతోంది.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి గాలిలో దాని వంతు పెంచి పంపాలి, చోక్ చేసేది ఆ పనే. ఇంజను వేడెక్కాక కూడా చోక్ లేనిదే నడవనంటోందంటే, మామూలు దారిలో రావలసిన పెట్రోలు రావడం లేదన్నమాట. లేదా ఎక్కడినుంచో అదనపు గాలి దూరుతోంది.

కార్బురేటర్‌లో పెట్రోలుకు రెండు దారులు. యాక్సిలరేటర్ బాగా తిప్పినప్పుడు మెయిన్ జెట్ పనిచేస్తుంది (జెట్ అంటే సన్నని రంధ్రమున్న చిన్న ముక్క). చెయ్యి వదిలేసి బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు పెట్రోలు వచ్చేది పైలట్ జెట్ గుండానే. చిన్న బైకుల్లో ఈ పైలట్ జెట్ రంధ్రం సుమారు 0.4 మిల్లీమీటర్లు, అంటే నాలుగైదు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. పెట్రోలు నెలల తరబడి నిలవుంటే తేలిక భాగాలు ఆవిరైపోతాయి, మిగిలింది గాలితో కలిసి జిగురులా మారుతుంది. ముందు మూసుకుపోయేది అన్నిటికన్నా సన్నని కంతే కదా. రేజ్ చేస్తే బాగుండి ఐడిల్‌లో ఆగిపోవడానికి కారణం ఇదే.

విప్పే ముందు పెట్రోల్ ట్యాప్ కట్టేసి, కార్బురేటర్ అడుగు గిన్నెకున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, దిగిన పెట్రోలును గాజు సీసాలో పట్టాలి. అడుగున విడిగా బొట్లు చేరితే అవి నీళ్లు. రంగు టీ డికాషన్‌లా ఉండి పుల్లటి వాసన వేస్తే పెట్రోలు పాడైంది, ట్యాంకు కూడా ఖాళీ చేయాల్సిందే. ఇంజను చల్లగా ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

గిన్నె స్క్రూల దగ్గరే కొత్తవాళ్లు సగంమంది ఓడిపోతారు. జపాన్ డిజైన్ బళ్లలో ఇవి ఫిలిప్స్ రకం కావు, జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. చాలావాటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే గట్టిగా తిప్పేకొద్దీ పైకి జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ డ్రైవరే వాడాలి, తిప్పేకన్నా ఎక్కువ బలంతో లోపలికి నొక్కాలి.

గిన్నె తీస్తే మధ్యలో మెయిన్ జెట్, పక్కన లోతుగా పైలట్ జెట్ కనిపిస్తాయి. రెండూ ఇత్తడివి, మెత్తనివి. గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పున్న మైనస్ స్క్రూడ్రైవర్‌తో తీసి, వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. అటువైపు గుండ్రటి వెలుగు చుక్క కనబడాలి. అర్ధచంద్రంలా కనబడినా, మసగ్గా ఉన్నా మూసుకున్నట్టే. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, పంపుతో గాలి కొట్టాలి. ఇంకా తెరుచుకోకపోతే కరెంటు వైరులోని ఒక్క సన్నని రాగి పోగు దూర్చవచ్చు. గుండుసూది, ఉక్కు తీగ మాత్రం వద్దు. రంధ్రం ఏ కాస్త పెద్దదైనా ఇకమీదట బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ప్లగ్గు మసిబారుతుంది. క్లీనర్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది కాబట్టి ఓ-రింగులు (కారకుండా ఆపే రబ్బరు వలయాలు) ముందే తీసి పక్కన పెట్టాలి.

ఐడిల్‌లో గాలి, పెట్రోలు పాళ్లను సరిచేసే పైలట్ స్క్రూ విప్పేముందు ఒక లెక్క తప్పనిసరి. దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ, ఆనుకునేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోండి, ఉదాహరణకు రెండుంపావు. తర్వాతే పూర్తిగా తీయాలి. తిరిగి బిగించేటప్పుడు ఆనించి అన్ని చుట్లే వెనక్కి తిప్పాలి. ఆనాక ఇంకా బిగిస్తే ఆ స్క్రూ సూది మొన నలిగిపోతుంది, ఆ తర్వాత ఏ సెట్టింగూ కుదరదు.

అన్నీ బిగించాక ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు కారితే కంగారు పడక్కర్లేదు. గిన్నె నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ సూది దగ్గర నలుసు చిక్కి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద నెమ్మదిగా తడితే చాలాసార్లు ఆగుతుంది. ఆగకపోతే సూది మొనకున్న రబ్బరు మీద గీత పడిందేమో చూడాలి.

జెట్ శుభ్రంగా ఉన్నా రోగం తగ్గలేదా? కార్బురేటర్‌కూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు గొట్టం పగిలి గాలి దూరుతుండొచ్చు. ఐడిల్‌లో ఉండగా దాని చుట్టూ నీళ్లు స్ప్రే చేయండి. పగులు ఉంటే నీరు దాన్ని ఒక్క క్షణం మూస్తుంది, ఇంజను శబ్దం మారుతుంది. ఈ పరీక్షకు మండే క్లీనర్ చల్లమని చెప్పేవాళ్లున్నారు. వేడి సైలెన్సర్ పక్కన ఆ పని చేయకపోవడమే మంచిది.

లక్షణం తిరగబడి ఐడిల్ బాగుండి, కొంత దూరం పోయాక బండి ఆగిపోతుంటే ముందు ట్యాంకు మూత తెరవండి. ‘సుయ్’మని గాలి లోపలికి పోయి, వెంటనే బండి స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుంది. పెట్రోలు దిగినంత మేర గాలి లోపలికి పోకపోతే పెట్రోలు దిగడమే మానేస్తుంది.

సెల్ఫ్ నొక్కితే ‘టక్’మని ఊరుకునే బండిది వేరే కథ. అక్కడ మల్టీమీటరే మాట్లాడాలి. కొన్ని గంటలు కదలకుండా ఉంచిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు దాటి చూపిస్తుంది, 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ నొక్కినప్పుడు అది 9 కిందకు జారితే బ్యాటరీలోనే సత్తువ లేదు. 12 దగ్గరే నిలబడి సెల్ఫ్ తిరగకపోతే కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది. సెల్ఫ్ మోటారు 60 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. తుప్పుపట్టిన ఎర్త్ వైరు దగ్గర 0.05 ఓంల నిరోధం ఉన్నా 60 × 0.05 = 3 వోల్టులు అక్కడే పోతాయి. అంత చిన్న నిరోధాన్ని మామూలు మీటరు ఓంలలో కొలవలేదు. అందుకే వోల్టుల్లో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజను బోసి లోహం మీద ఆనించి సెల్ఫ్ నొక్కాలి. 0.5 వోల్టు దాటితే ఎర్త్ బోల్టు విప్పి, తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించాలి. టెర్మినల్స్ విప్పేటప్పుడు నెగటివ్ ముందు. పాజిటివ్ ముందు విప్పితే పానా ఛాసిస్‌కు తగిలి నిప్పులు చిమ్ముతుంది.

ప్లగ్గు విషయంలో ఒక్కటే జాగ్రత్త: మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే ఎక్కించాలి. సిలిండర్ హెడ్ అల్యూమినియం, ఉక్కు ప్లగ్గు వంకరగా ఎక్కితే మర పోతుంది. ఆ తర్వాత లేత్ దగ్గరికే.

చైన్ వదులు చూసేటప్పుడు ఒక్క చోటే కొలిచి వదిలేయకండి. బండిని సెంటర్ స్టాండ్ మీద, న్యూట్రల్‌లో, ఇంజను ఆపి ఉంచి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ కింది వరస మధ్యలో నాలుగైదు చోట్ల చూడాలి. పాత చైన్ అన్నిచోట్లా ఒకేలా సాగదు. ఎక్కడ అన్నిటికన్నా బిగుతుగా ఉందో అక్కడ మాన్యువల్ చెప్పిన కొలత, సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు, వచ్చేలా పెట్టాలి. వదులుగా ఉన్నచోట పెడితే బిగుతు చోటు తిరిగి వచ్చిన ప్రతిసారీ గేర్‌బాక్స్ బేరింగ్ మీద బరువు పడుతుంది. యాక్సిల్ నట్ బిగించాక మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు చక్రం కాస్త జరుగుతుంది.